మా పాప సిలబస్సూ, 1823 నాటి జాబితా

కిందటేడు వేసవిలో మా అక్క బెంగుళూరు నుంచి పాపని వెంటబెట్టుకుని రావులపాలెం వచ్చేసింది. గొడవలేమీ లేవు, కంగారు పడకండి :-) అక్కడ ఒక పెద్ద స్కూల్లో ఎల్‌కేజీ ఇంటర్వ్యూకి తీసుకెళ్తే మా మేనకోడలు ఒక్క ప్రశ్నకీ నోరు విప్పలేదట. బయటికొచ్చాక మాత్రం "ఆవిడకి ఎర్ర రంగు ఏదో తెలీదామ్మా, నన్నడుగుతోంది?" అందట. ఆ స్కూలువాళ్ళు చెప్పిన ఫీజు విన్నాక మా బావకి కూడా నోరు పెగల్లేదు. అక్క ఎలాగూ ఉద్యోగానికి ఏడాది విరామం తీసుకుందామనుకుంటోంది కాబట్టి, ఒకటో తరగతి వయసు వచ్చేదాకా తనే ఇంటి దగ్గర చెప్పుకుంటానంది. నేను అప్పటికే రావులపాలెం నుంచే పని చేస్తున్నాను. "నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, మంచి కరికులం ఏదో చూసి పెట్టు" అని నాకు అప్పగించింది. వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

మనం ఇంజనీర్లం కదా, ఏం చేస్తాం? ఎక్సెల్ షీటు తెరిచాను. అడ్డంగా ఖర్చు, రోజుకి పట్టే టైము, తెలుగులో దొరుకుతుందా లేదా, స్క్రీన్ ఎంతసేపు చూడాలి... నిలువుగా మాంటిస్సోరి, వాల్డార్ఫ్, షార్లెట్ మేసన్, రెండు మూడు అమెరికా డబ్బా కరికులాలు (డబ్బా అంటే తిట్టు కాదు, నిజంగానే పుస్తకాలూ బొమ్మలూ అన్నీ ఒక పెట్టెలో పెట్టి పంపుతారు). ఒక్కోదానికి వెయిటేజీ ఇచ్చి మార్కులు వేశాను. రెండు వారాలు పోయాయి. నేను వెయిటేజీ మార్చినప్పుడల్లా ఫస్ట్ ర్యాంకు మారిపోయేది. ఈలోగా మా పాప పెరట్లో పిల్లికి స్నానం చేయించడం నేర్చుకుంది.

సరిగ్గా అప్పుడే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా బాబాయ్ ఆ పాత మెకాలే ఫార్వర్డు పెట్టాడు. మీకూ వచ్చే ఉంటుంది. 1835 ఫిబ్రవరి 2న మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో లేచి, భారతదేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడు కూడా కనపడలేదు అన్నాడని. ఆ రోజున మెకాలే లండన్‌లో లేడు బాబూ, కలకత్తాలో ఉన్నాడు. ఆ తేదీన రాసింది చదువుల మీద ఆయన మినిట్, అందులో ఈ మాటలు లేవు. ఇది బాబాయ్‌కి చెప్పడానికి ఆధారాలు వెతుకుతూ ధరంపాల్ గారి "ది బ్యూటిఫుల్ ట్రీ" తీశాను. 1983లో వచ్చిన పుస్తకం. మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కలెక్టర్లు చదువుల గురించి పంపిన రిపోర్టులు అందులో ఉన్నాయి. వాటిలో మన రాజమండ్రి జిల్లాదీ ఒకటి. బాబాయ్ సంగతి మర్చిపోయాను, ఎక్సెల్ షీటు సంగతీ మర్చిపోయాను.

కథ ఏమిటంటే, 1822 జూన్‌లో మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఒక ఫారం పంపించాడు. మీ జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెందరు, ఏ కులాలవాళ్ళు, ఆడపిల్లలెందరు, ఏం చదువుతున్నారు, లెక్క చెప్పండి అని. రాజమండ్రి జవాబు 1823లో వెళ్ళింది. అప్పట్లో రాజమండ్రి జిల్లా అంటే కోనసీమ కూడా అందులోదే. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు, కాటన్ దొర ఆ పని మొదలుపెట్టడానికే ఇంకా పాతికేళ్ళుంది. అంటే మా ఊరి చుట్టుపక్కల ఈ కాలవలూ, ఈ పచ్చదనం, ఈ అరటి తోటలూ ఇప్పుడున్నట్టు లేని రోజులు.

ఆ లెక్క ప్రకారం జిల్లా జనాభా 7,38,308. బళ్ళు 291. చదువుకునే పిల్లలు 2,658. సగటున బడికి తొమ్మిది మంది. స్టూడెంట్ టీచర్ రేషియో చూస్తే ఇప్పటి ఇంటర్నేషనల్ స్కూళ్ళు కూడా సిగ్గుపడాలి :-) కానీ అదే లెక్కని జనాభాతో భాగిస్తే 278 మందికి ఒక్క బడిపిల్లాడు. ఈ రెండో భాగహారం మన ఫార్వర్డుల్లో ఎప్పుడూ కనపడదు.

ఇవి కాక కలెక్టరు ఒక జాబితా జత చేశాడు. తెలుగు బళ్ళలో చదివే పుస్తకాల పేర్లు, మొత్తం 43. ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఆ పేర్లు చదువుతుంటే భలే సరదాగా ఉంటుంది, మొల్ల రామాయణం కాస్తా మొల్లీ రామాయణం అయింది. బాలరామాయణం, రుక్మిణీ కల్యాణం, గజేంద్ర మోక్షం, కుచేలోపాఖ్యానం, ప్రహ్లాద చరిత్ర. భారతంలోంచి ఆదిపర్వం, ఉద్యోగపర్వం. భాగవతంలోంచి సప్తమ స్కంధం, అష్టమ స్కంధం. సుమతి, దాశరథి, భాస్కర, కృష్ణ శతకాలు, ఇంకా నేను పేరు కూడా వినని శతకాలు కొన్ని. అమరం, ఆంధ్రనామ సంగ్రహం, అంటే పద్యాల్లో ఉన్న డిక్షనరీలు. లెక్కలకి పావులూరి గణితం. ఇది మహావీరాచార్యుడి సంస్కృత గణితానికి పావులూరి మల్లన చేసిన తెలుగు. తెలుగు పద్యాల్లో లెక్కలు చెప్పుకున్న ఊళ్ళు ఇవి అంటే, ఒప్పుకుంటాను, కాసేపు ఛాతీ పొంగింది.

జాబితాలో వసుచరిత్ర, మనుచరిత్ర, విజయవిలాసం కూడా ఉన్నాయి. చివర్లో రసికజన మనోభిరామం. మా పాపకి ఇప్పట్లో వద్దని అక్క, నేనూ ఏకగ్రీవంగా తీర్మానించాం.

అక్కకి ఈ జాబితా చూపించి "చూడు, మన జిల్లా సిలబస్సు, రెండొందల ఏళ్ళ కిందటిది" అన్నాను గొప్పగా. తను పైనుంచి కిందకి చదివి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఇందులో నాలుగేళ్ళ పిల్లకి ఏముందిరా?"

మళ్ళీ చూశాను. నిజమే, ఏమీ లేదు! 43 పుస్తకాల్లో ఓనమాలు నేర్పే పుస్తకం ఒక్కటీ లేదు. వాచకం లేదు, బొమ్మల పుస్తకం సంగతి సరేసరి. మొదట కలెక్టరు మర్చిపోయాడేమో అనుకున్నాను. తర్వాత బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ రిపోర్టు చదివితే అర్థమైంది. ఈయన ఊరికే సంతకం పెట్టి పంపే రకం కాదు, 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చు వేసినవాడు. బడి ఎలా నడుస్తుందో 1823లో కళ్ళకి కట్టినట్టు రాశాడు. ఐదేళ్ళకి పిల్లాడు బడికొస్తాడు. ముందు నేల మీద ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతాడు. నోటితో అఆలు వల్లించి తర్వాత రాయడం కాదట, రాస్తూనే నేర్చుకోవడం. వేలు తిరిగాక తాటాకు మీద గంటమో, కాగితం మీద కలమో చేతికొస్తుంది. తర్వాత మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు. ఎక్కాలు. ముందు నేర్చుకున్న పిల్లాడు వెనకవాడికి చెబుతాడు. పొద్దున్నే బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండోవాడికి సున్నా, మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు... అలా పెంచుకుంటూ పోతారు. మన స్టాండప్ మీటింగులకి పెట్టాల్సిన పద్ధతి ఇది.

అంటే జాబితాలో మొదటి రెండేళ్ళకి పుస్తకం లేకపోవడం మర్చిపోవడం వల్ల కాదు. మా పాప ఈడు పిల్లల సిలబస్సుకి పుస్తకమే అక్కర్లేదు. ఇసుక, ఒక వేలు, పక్కన కూర్చుని ఆ వేలు పట్టుకునే మనిషి. అంతే.

ఈ ఇసుక సంగతి సముద్రాలు కూడా దాటింది. మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే మతబోధకుడు ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బళ్ళో పెట్టాడు. పిల్లల చేత పిల్లలకి చెప్పించే పద్ధతితో కలిపి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చి ఇంగ్లండు బళ్ళలో పాకింది. ఇంకో వందేళ్ళు దాటాక మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల చేత వేలితో తడిమించింది. ఆవిడ మన దగ్గర్నుంచి తీసుకుందని నేననను. ఆవిడ మద్రాసు అడయారు వచ్చింది 1939లో, గరుకు అక్షరాలు అంతకు ముందు ఎప్పటివో. ఎవరికి వాళ్ళకే తట్టి ఉంటుంది. కానీ నా ఎక్సెల్ షీటులో ఆ గరుకు అక్షరాల సెట్టు ఖర్చు కాలమ్‌లో బాగా ఎర్రగా ఉన్న గడి. ఊరి పక్కన గోదావరి ఉండగా ఇసుకకి డబ్బులేమిటండీ! (ర్యాంపుల సంగతి తెలిసినవాళ్ళు నవ్వకండి. పళ్ళెంలోకి సరిపడా చాలు.)

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇలాంటి వ్యాసాలు మామూలుగా ఇక్కడే ఆపి "మన పూర్వీకులు ఎంత గొప్పవాళ్ళో" అని ముగిస్తారు. నాకూ ఆశ పుట్టింది. కానీ కాంప్‌బెల్ అదే రిపోర్టులో ఇంకో మాటా అన్నాడు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు గానీ అర్థం మాత్రం చిలకకి తెలిసినంతే తెలుసని. పద్యాల్లో భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు, చాలామంది అయ్యవార్లకే అర్థం తెలీదని. దొర కాబట్టి అలాగే అంటాడు అని కొట్టిపారేద్దామంటే, ఇంటర్లో ఫిజిక్సు నేనెలా చదివానో నాకు తెలుసు కదా :-( అలాగని ఆయన కంపెనీని వెనకేసుకొచ్చినవాడూ కాదు. జిల్లాలో ఉన్న 533 బళ్ళలో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని రాశాడు. జనం చేతిలో డబ్బు లేక చదువులు పడిపోతున్నాయని కూడా రాశాడు.

ఇంటి చదువు దగ్గరికొద్దాం. ఈ రిపోర్టుల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. మన్రో ఫారంలో ఇంట్లో చదువుకునే పిల్లలకి కాలమ్ లేదు. కెనరా కలెక్టరు అయితే మా దగ్గర చదువంతా ఎవరిళ్ళల్లో వాళ్ళు చెప్పించుకునేదే, లెక్క పంపి ప్రయోజనం లేదని అసలు ఫారమే నింపలేదు. మద్రాసు కలెక్టరు మాత్రం తర్వాత విడిగా లెక్క కట్టించాడు. పట్నంలో బళ్ళకి వెళ్ళే పిల్లలు ఐదున్నర వేలు, ఇళ్ళలో చదువుకునేవాళ్ళు దాదాపు 27 వేలు. ఐదింతలు! 1826 మార్చిలో రాసిన మినిట్‌లో మన్రో కూడా ఈ అంకె దగ్గర ఆగాడు. ఇందులో ఏదో పొరపాటు ఉండి ఉంటుంది, జిల్లాల్లో ఈ స్థాయిలో ఉండదు, అయినా చెప్పుకోదగ్గంత మంది ఉంటారు అని తేల్చాడు. తండ్రో, బంధువో, ఇంటికొచ్చే అయ్యవారో చెప్పే చదువు. అదీ కలుపుకుని మగపిల్లల్లో మూడోవంతుకి దగ్గరగా ఏదో ఒక చదువు అందుతోందని అంచనా కట్టాడు.

మగపిల్లల్లో. రాజమండ్రి జిల్లా లెక్కలో ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? 2,658 మందిలో 37. డెబ్బై మందికి పైగా కూర్చుంటే ఒక్క పిల్ల. కులాల లెక్క చూస్తే బ్రాహ్మణులు 904, వైశ్యులు 653, శూద్రులు 466, ఇతర కులాలు 546, ముస్లింలు 52. కోనసీమలో ఎవరి జనాభా ఎంతో తెలిసినవాళ్ళకి ఈ అంకెలు వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంటి చదువులో ఉన్న చిక్కు నాకు ఈ 37 దగ్గర అర్థమైంది. పుస్తకం లేకపోయినా ఇసుకతో నడుస్తుంది గానీ, మనిషి లేకపోతే నడవదు. చదువొచ్చిన మనిషి ఇంట్లో ఉంటే ఇంట్లో చదువు ఉంటుంది. లేని ఇంట్లో, ఆ తరం పిల్లలకీ ఉండదు, వాళ్ళ పిల్లలకీ ఉండదు. ఉన్న ఇంట్లో కూడా ఆ మనిషి ఎవరి వేలు పట్టుకోవాలనుకుంటే వాళ్ళకే.

మా మామ్మ (నాన్న వాళ్ళమ్మ) బడికి వెళ్ళలేదు. వాళ్ళ పుట్టింట్లో అరుగు మీద అయ్యవారు వచ్చి అన్నదమ్ములకి చెప్పేవారట. ఈవిడ గుమ్మం లోపల కూర్చుని వినేది, తర్వాత తమ్ముడి పెద్ద బాలశిక్ష తీసుకుని చూసేది. అలా చదవడం వచ్చేసింది. ఇప్పటికీ పొద్దున్నే పేపరంతా చదివి నాకు ధరలు చెబుతుంది. కానీ రాయడం రాదు. పలక ఎవరూ ఇవ్వలేదు మరి. బ్యాంకులో ముందు వేలిముద్ర వేస్తుంది, ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకుని పాసుబుక్కు మొత్తం చదివి లెక్క సరిచూసుకుంటుంది. కౌంటర్లో కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు తెల్లబోతారు.

ఆ పెద్ద బాలశిక్ష గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1800ల తొలి సగంలో మద్రాసులో క్లూలో దొర పూనికతో పుదూరు సీతారామశాస్త్రి గారు రాసిన బాలశిక్ష దీనికి మూలం. తర్వాత వావిళ్ళవాళ్ళు, మా రాజమండ్రి అద్దేపల్లివాళ్ళు, ఇంకా ఎందరో వేశారు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, నీతివాక్యాలు, ఎక్కాలు, తిథులు, అరవై సంవత్సరాల పేర్లు... అన్నీ ఒక్క అట్టల మధ్య. ఇప్పుడు అమెరికావాళ్ళు పెట్టెలో పెట్టి పంపుతున్నది ఇదే కదా! 1823 జాబితాలో ఏ మెట్టు ఖాళీగా ఉందో సరిగ్గా ఆ మెట్టుని ఇది నింపింది. అయ్యవారి నోట్లోనూ చేతిలోనూ ఉన్నదాన్ని తీసి కాగితం మీద పెట్టింది. అందుకే మా మామ్మకి అందింది. ఎవరూ పిలవకపోయినా తెరుచుకుని చూసుకోగలిగింది. అయితే సగమే అందింది, అదీ నిజమే.

మిగతా సగానికి గుమ్మం దాటాల్సి వచ్చింది. కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. రాజమండ్రి లెక్కలో 37 మంది కనిపించిన యాభై ఏళ్ళకి. మా ఊరికి నలభై కిలోమీటర్లు కూడా ఉండదు ఆ ఊరు. అక్కడి బడి మా మామ్మ గుమ్మం దాకా రావడానికి ఇంకో డెబ్బై ఏళ్ళు కూడా చాలలేదు. తర్వాత మా అత్త హైస్కూలు దాకా వెళ్ళింది, మా అక్క ఇంజనీరింగు చేసింది. ఇప్పుడు అదే అక్క బడి వద్దు, ఇంట్లో చెబుతానంటోంది. ఆమె చెప్పగలదు కాబట్టి అంటోంది. ఇది తప్పని నేననడం లేదు. బడి మానేయగలగడం కూడా బడి ఇచ్చిందే అంటున్నాను.

చట్టం సంగతి అడుగుతారని ముందే చెబుతున్నా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి. మా పాపకి ఆరు నిండలేదు కాబట్టి ఇప్పటికి చిక్కు లేదు. ఆరు తర్వాత కూడా ఇంట్లోనే అనుకునేవాళ్ళు సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్ఐఓఎస్, పరీక్షల దారి చూస్తుంటారు. అక్కకి ఆ ఉద్దేశం లేదు.

అమెరికాలో ఉన్న మన స్నేహితులకి ఇదంతా ఎక్కడో విన్నట్టు ఉండొచ్చు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో చెప్పేవాళ్ళు ఎవరు? శనాదివారాల్లో కోడింగు పక్కన పెట్టి వచ్చే అమ్మానాన్నలే. బళ్ళారి బడిలో కాంప్‌బెల్ చూసిన ఒక చిక్కు అక్కడా ఉంది. పద్యం వచ్చేస్తుంది, "అన్నం తిన్నావా" అంటే జవాబు ఇంగ్లీషులో వస్తుంది. మా ఫ్రెండు కూతురు వేమన పద్యం చెప్పి వెంటనే వాళ్ళ నాన్నని దాని అర్థం అడిగిందట. వాడు మీటింగు ఉందని లేచిపోయాడు.

చివరికి మేమేం చేశామంటే, ఎక్సెల్ షీటు మూసేశాం. పొద్దున ఇసుక పళ్ళెం, తర్వాత పలక. 43లోంచి ఐదే తీసుకున్నాం: సుమతి శతకం, గజేంద్ర మోక్షం, కుచేలుడి కథ, ప్రహ్లాదుడి కథ, బాలరామాయణం. ముందు కథ మామూలు మాటల్లో, పద్యం తర్వాత, అదీ దానికి నచ్చితేనే. లెక్కలకి మార్కెట్ యార్డు. పొద్దున్నే సైకిళ్ళ మీద అరటి గెలలు వేసుకుని రైతులు వస్తుంటారు కదా, అక్కడికి తీసుకెళ్తే గెలకి ఎన్ని అత్తాలు, అత్తానికి ఎన్ని కాయలు అని లెక్క పెడుతుంది. కర్పూరం గెలకీ బొంత గెలకీ లెక్క ఎందుకు తేడా వస్తుందని ఒక రైతుని అడిగితే ఆయన "ఆయ్, అది కాయ లావండి బుజ్జీ" అని చాలా మర్యాదగా చెప్పాడు. పావులూరి గణితం దాకా ఎప్పుడు వెళ్తామో చూడాలి.

ఒక్క సంగతి మాత్రం మా ప్లానులో లేదు. ఇంట్లో పనికొచ్చే ఆవిడకి మా పాప ఈడుదే ఒక కూతురుంది. మధ్యాహ్నం దాకా అంగన్‌వాడీలో ఉండి, తర్వాత అమ్మతో వస్తుంది. మా పాప అరుగు మీద దిద్దుకుంటుంటే ఆ పిల్ల గుమ్మం పక్కన నిలబడి చూసేది. నేను రోజూ అటే వెళ్ళేవాణ్ణి, కాఫీ కప్పు పట్టుకుని, 1823 జాబితా గురించి ఆలోచిస్తూ. నా కంటికి ఆనలేదు. పది రోజులయ్యాక మామ్మ పేపరు కింద పెట్టి అక్కని పిలిచింది. "ఆ పిల్లకీ ఓ పలక తెచ్చివ్వవే. చూసి నేర్చుకుంటే చదవడమే వస్తుంది" అంది.

సాయంత్రం సెంటర్లోకి వెళ్ళి పలకలు రెండు, బలపాల పెట్టె ఒకటి కొనుక్కొచ్చాను. రెండో పలక ఎందుకంటే పాతది మామ్మ తన మంచం కింద పెట్టేసుకుంది, అడిగితే ఎందుకో చెప్పడం లేదు. బలపాల పెట్టె ఒక్కటే తేవడం మాత్రం నాదే తప్పు. రోజూ మూడింటికి నా క్లయింట్ కాల్‌లో ఉండగా అరుగు మీద నుంచి యుద్ధం వినపడుతుంది.